ప్రొఫైల్‌లో నేను రాయించిన ముక్క

"బాపూ, నీ ప్రొఫైల్ల అన్నీ ఉన్నయ్ గని, నువ్వు లేవు," అంది నా కూతురు.

ఫోన్ తెచ్చి నా ముఖం ముందు పెట్టింది. చూస్తే నా ఫోటో ఉంది, నా పేరుంది, పేరు కింద నా పని ఉంది. ఇంకా నేను లేకపోవడమేమిటి? ఒళ్ళు మండింది.

"మరి గీ మీసాలు ఎవలియి? మీ తాతయా?" అన్నాను.

"గట్ల కాదు బాపూ. పర్సనల్ టచ్ లేదంటున్న. అందరు గిదే రాస్తరు, ఇన్నేండ్ల ఎక్స్‌పీరియన్స్, మెహనతీ, ఈమాన్‌దార్ అని. చదివినోళ్లకు నువ్వు యాదికుండాలంటే నీదే అసొంటిది ఒక్క ముచ్చట ఉండాలె."

ఈ భాగోతం ఎందుకొచ్చిందో ముందు చెప్పాలి. నేను భివండిలో పవర్‌లూమ్ జాబర్‌ని. జాబర్ అంటే మగ్గాలకు మరమ్మతు చేసేవాడు. మగ్గం ఆగిపోతే, బట్ట మీద గీత పడితే, షటిల్ ఎగిరి బయట పడితే నడిపేవాడు చెయ్యెత్తుతాడు, నేను స్పానర్ పట్టుకుని పోతాను. తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివి, కరీంనగర్ వైపు నుంచి మా మేనమామ వెంట వచ్చాను. శాంతి నగర్‌లో ఒకే సేఠ్ దగ్గర, ఒకే గాలాలో ఇరవై ఏడేళ్లు గడిచిపోయాయి. గాలా అంటే మగ్గాల షెడ్డు. రేకుల కప్పు, నలభై మగ్గాలు, రెండే కిటికీలు. అందులోకి అడుగుపెట్టాక పిడుగు పడినా తెలియదు.

ఆ సేఠ్ ఒక రోజు మమ్మల్నందరినీ బయటికి పిలిచి, గాలాను గోదాముకు ఇచ్చేస్తున్నానన్నాడు. దీపావళి దాకా మగ్గాలు నడుస్తాయి, ఆ తర్వాత పాత ఇనుముకు పోతాయి. ఆయన మీద కోపం తెచ్చుకుందామంటే అదీ కుదరలేదు. ఆయన కొడుకులిద్దరూ ఈ ధంధా మాకొద్దని తెగేసి చెప్పారట, ముసలాయన ముఖం పీక్కుపోయి ఉంది. పక్క గల్లీలో అడిగాను, వెనక గల్లీలో అడిగాను. అందరిదీ అదే కథ. ఉన్న జాబర్లనే ఏం చేసుకోవాలో తెలియక చస్తుంటే, నలభై తొమ్మిదేళ్లవాణ్ణి నన్నెవరు పెట్టుకుంటారు?

నా కూతురు హైవే పక్కన ఒక గోదాము ఆఫీసులో కంప్యూటర్ మీద పని చేస్తుంది. మరాఠీ బడిలో చదువుకుంది, ఇంగ్లీషు కూడా బాగానే వచ్చు. ఉద్యోగస్తులందరూ తమ ఫోటో పెట్టి, తాము ఎంత గొప్పవాళ్లో తామే రాసుకునే సైట్ ఒకటుందనీ, పెద్ద మిల్లులవాళ్లు అందులో మనుషుల్ని వెతుక్కుంటారనీ చెప్పింది. గుజరాత్ వైపు మిల్లుల్లో షటిల్ లేని కొత్త మగ్గాలు వచ్చాయి, వాటి దగ్గర పాత అనుభవం ఉన్న సూపర్‌వైజర్లు కావాలట. నాకు మిగిలిన దారి అదొక్కటే. అది నాకూ తెలుసు, ఇంట్లో వాళ్లకూ తెలుసు.

ఫోటో తీయడానికే ఒక పూట పట్టింది. గోడ పెచ్చులూడి ఉందని నా భార్య వెనకాల నీలం దుప్పటి పట్టుకుని నిలబడింది. నా కూతురు "బాపూ, జర నవ్వు" అంటుంది. నవ్వితే "గట్ల కాదు, జర తక్కువ" అంటుంది. ఈ లోపల చేతులు లాగుతున్నాయని దుప్పటి వెనక నుంచి ఇల్లాలి అరుపులట. ఆ సంగతి తర్వాత కూతురు చెప్పి నవ్వితే తెలిసింది.

ఇంత సంబడం చేసి పెడితే, ఆరు వారాల్లో నన్ను పలకరించినవాళ్లు ఇద్దరు. ఒకడు ఇంగ్లీషు నేర్పిస్తానన్నాడు. ఇంకొకడు బీమా చేయించుకోమన్నాడు. అప్పుడు నా కూతురు ఎక్కడో చదివి ఈ పర్సనల్ టచ్ సంగతి పట్టుకొచ్చింది.

"నీకేం ఇష్టం బాపూ? హాబీ ఏంది?"

"కరెంటు పోయిన పూట పండుకునుడు."

"మజాక్ చేయకు. మగ్గం ముంగట నిలబడంగనే బీమారీ ఏందో చెప్తవంటరు గదా, గది రాస్తా?"

"గది ప్రతీ జాబర్‌కు వస్తది. గిదేం ముచ్చట!"

నిజానికి ఆ విషయంలో నాకు లోలోపల గర్వం లేకపోలేదు. నడుస్తున్న మగ్గం చట్రం మీద అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని నిలబడితే ఎక్కడ బోల్టు వదులైందో, ఏ పట్టీ అరిగిందో చెప్పేస్తాను. చప్పుడు విని చెబుతాడు, వాడి చెవే చెవి అని మా సేఠ్ పదిమందిలో అనేవాడు. నేనూ అదే అనుకునేవాణ్ణి.

అప్పుడే నా భార్య వంట దగ్గర నుంచి వచ్చి, నా ఎదురుగా నిలబడి, భుజం మీద చెయ్యి వేసి, "రొట్టెలు సల్లారుతున్నయ్, తిన్నంక రాసుకోండ్రి" అంది. ఆమెకు అదొక అలవాటు. ఏం చెప్పాలన్నా ఎదురుగా వచ్చి, భుజం తట్టి మరీ చెబుతుంది. పెళ్లయిన కొత్తలో ఈ ముచ్చట లేదు. బిడ్డ పుట్టాక నా మీద ప్రేమ పెరిగిందనుకుని మురిసిపోయాను, సిగ్గు లేకుండా.

ఆమెను చూడగానే నాకు మా పెళ్లి సంబంధం గుర్తొచ్చింది. దాని వెంటే చెప్పాల్సిన ముచ్చట కూడా దొరికింది.

మగ్గాల గాలాలో మాట వినపడదు. అరిచి లాభం లేదు, గొంతు పోవడం తప్ప. అందుకని అందరం పెదవులతోనే మాట్లాడుకుంటాం. గొంతు బయటికి రానివ్వం, నోరు మాత్రం స్పష్టంగా తిప్పుతాం, అవసరమైతే రెండు వేళ్లు కలుపుతాం. కొత్తగా వచ్చినవాడికి ఆరు నెలలు పడుతుంది. వచ్చిందంటే ఇక జన్మలో పోదు. యూపీ భయ్యా హిందీలో అన్నా, మరాఠీ మనిషి మరాఠీలో అన్నా, మనవాళ్లు తెలుగులో అన్నా నలభై మగ్గాల అవతల నుంచి చదివేస్తాం. సేఠ్ ఎదురుగా నిలబడి ఉండగానే ఆయన్ని తిట్టుకునేవాళ్లం. ఆయనకు ఈ విద్య రాదు పాపం, మేము పాన్ నములుతున్నామనుకునేవాడు.

నా మామగారు కూడా ఆ గాలాలోనే మగ్గం నడిపేవారు. ఒక రోజు ఆయన ఆ చివర నిలబడి మా మేనమామతో అంటున్నారు: "పిల్లగాడు మంచోడే గని కోపం జాస్తి. నా బిడ్డ వేగుతదా?" నేను ఈ చివర పడుగు నూలు చుట్టిన బీమ్ ఎత్తుతూ అది చదివాను. బీమ్ అక్కడే దింపేసి, అంత దూరం నుంచే, "మామా, కోపం మగ్గం మీదనే, మనుషుల మీద కాదు" అని పెదవులతో చెప్పాను. గాలా అంతా నవ్వింది. అట్లా కుదిరింది మా పెళ్లి.

నా కూతురు ఈ కథ అంతకుముందే వంద సార్లు విన్నది. అయినా ఈసారి లేచి కూర్చుంది.

"బాపూ! గిదే! గిదే రాద్దాం!"

నేను తెలుగులో చెప్పాను, ఆమె ఇంగ్లీషులోకి మార్చింది. చెప్పింది ఇది: "నలభై మగ్గాలు నడుస్తున్నా, గాలా అవతలి చివర నిలబడ్డ మనిషి ఏమంటున్నాడో పెదవులు చూసి చెప్పగలను. తెలుగైనా, హిందీ అయినా, మరాఠీ అయినా సరే. నా పెళ్లి మాటలు కూడా నేను అట్లాగే చదివాను. ఇరవై ఏడేళ్లలో పనివాళ్ల కష్టం ఒక్కటి కూడా నా దాకా రాకుండా పోలేదు." ఆఖరి వాక్యం చెబుతుంటే నాకే కళ్లు చెమర్చాయి. ఏం చెప్పను, నా గురించి నేను అంత మంచి మాట అంతకు ముందెన్నడూ అనుకోలేదు.

నాలుగు రోజులు తిరక్కుండానే జనం విరగబడ్డారు. ఎవరెవరో చప్పట్ల బొమ్మలు పెట్టారు. ఎక్కడో ఢిల్లీలో పెద్ద ఉద్యోగం చేసే ఆయన, ఇటువంటి మనుషులే మన దేశపు బట్ట నేసినవాళ్లు అని రాశాడట. నా కూతురు ఒక్కొక్కటి చదివి వినిపించింది. తొమ్మిదో రోజున గుజరాత్ వైపు ఒక మిల్లు నుంచి, మనుషుల్ని ఉద్యోగంలోకి తీసుకునే మేడం స్వయంగా రాసింది. మీ ప్రొఫైల్ చదివి మా ఆఫీసంతా ముచ్చట పడింది, వీడియో కాల్‌లో మాట్లాడతారా అని.

ఫోన్ అంటే నాకు మొదటి నుంచీ చిరాకు. ఎవరు చేసినా కూతురికి ఇచ్చేస్తాను, లేదా "ఇంటికి రా, కూసోని మాట్లాడుకుందం" అని పెట్టేస్తాను. వీడియో కాల్ అయితే నయం, ఎదుటి మనిషి ముఖం కనపడుతుంది. పెళ్లిళ్లకు దాచిన చొక్కా వేసుకుని కూర్చున్నాను. ఫోన్‌ను డబ్బాకు ఆనించి, దాని వెనకాల నా కూతురు నిలబడింది.

మేడం చిన్న వయసు మనిషి, హిందీలో మాట్లాడింది, నవ్వుముఖం. పది నిమిషాలు పని సంగతులు అడిగాక, నిజంగా పెదవులు చదువుతారా, నేను మైక్ ఆపేసి ఒకటి అడుగుతాను చెప్పండి అంది. ఏదో నొక్కి, పెదవులు కదిపింది. ఇవాళ ఏం తిన్నారు అని.

"జొన్నరొట్టె, పచ్చిపులుసు," అన్నాను.

ఆ వైపు గది గదంతా నవ్వింది. ఒకావిడ చప్పట్లు కూడా కొట్టింది. నేను మీసం మీద చెయ్యి వేశాను. నిజం చెప్పాలంటే, మేడం మైక్ ఆపకముందుకీ, ఆపిన తర్వాతకీ నాకు పెద్ద తేడా తెలియలేదు. అదేమిటని అప్పుడు ఆలోచన కూడా రాలేదు.

తర్వాత మగ్గాల ఇంజనీరు గారు అడుగుతారు అంది మేడం. ఆయన తెరలో లేడు. ఎక్కడో పక్కన కూర్చున్నట్టున్నాడు, మేడం అటు చూస్తూ తలూపుతోంది. నేను ఎదురు చూస్తూ కూర్చున్నాను. అప్పుడు డబ్బా వెనక నుంచి నా కూతురు పెదవులు కదిపింది. "కొత్త మగ్గాల మీద ఎన్నడన్న చేసినవా అని అడుగుతుండు." నేను జవాబు చెప్పాను. మళ్లీ ఆమె పెదవులు. "రాత్రి పాళీ చేస్తవా?" మళ్లీ నా జవాబు. అట్లా ఆరేడు ప్రశ్నలు జరిగాయి. గొంతు పెగల్చకుండా, హిందీలో వచ్చినదాన్ని తెలుగు చేసి, నా పిల్ల నాకు అందిస్తుంటే నేను టకటకా చెప్పేస్తున్నాను. మా ఇద్దరిలో ఎవరికీ అది వింతగా అనిపించలేదు. ఇంట్లో ఎప్పుడూ మేము అట్లాగే మాట్లాడుకుంటాం మరి.

మర్నాడే కబురొచ్చింది. తీసుకుంటున్నాం, ఒక్క మెడికల్ పరీక్ష అయితే చాలు అని. నా భార్య దేవుడి పటం ముందు కొబ్బరికాయ కొట్టింది. భివండి రోడ్ నుంచి వసాయి దాకా బండి దొరుకుతుందా, దాంట్లో గ్యాస్ సిలిండర్ తీసుకుపోనిస్తారా, అక్కడ జొన్నలు దొరుకుతాయా అని నా ప్రాణం తోడింది. నేను గాలాకు పోయి అందరికీ చెప్పాను. ఎవరూ విననట్టు ఉంటే ఈ చివరా ఆ చివరా రెండు సార్లు చెప్పాను. సేఠ్ పేడా మిఠాయిలు తెప్పించాడు. "నీ ఒక్కనికన్న దారి దొరికింది రా," అన్నాడు మా మామగారి దోస్తు ఒకాయన, నా కన్నా పదేళ్లు పెద్ద. పెదవులతోనే అన్నాడు.

పరీక్షకు ఠాణే రమ్మన్నారు. నా కూతురు సెలవు పెట్టి వెంట వచ్చింది. బీపీ చూశారు, షుగరు చూశారు, కళ్లు చూశారు. "ఈ వయసులో కళ్లు ఇంత బాగున్నాయేమిటి అంకుల్," అంది అక్కడి నర్సు. ఎందుకుండవు! రోజంతా పోగులూ పెదవులూ చూసిన కళ్లు.

ఆఖరున చెవులట. అద్దం తలుపున్న చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు డిప్పలు తగిలించి, చేతికి ఒక బటన్ ఇచ్చారు. కూత వినపడినప్పుడల్లా నొక్కాలి. అద్దం అవతల పరీక్ష చేసే అమ్మాయి మిషన్ దగ్గర కూర్చుంది. నేను ఆమెను చూస్తూ కూర్చున్నాను. ఆమె వేలు కదిలినప్పుడల్లా నొక్కాను. మోసం చేయాలని కాదు. దేవుడి తోడు, నాకా తలంపే లేదు. ఎదుటి మనిషిని చూడడమే నాకు వినడం, ఇరవై ఏడేళ్లుగా. వేలు కదిలింది కాబట్టి కూత వచ్చిందనుకున్నాను, వచ్చిందనుకున్నాను కాబట్టి విన్నాననుకున్నాను.

ఆ అమ్మాయి తెలివైనది. కాసేపు నా వంకా, తన వేలి వంకా చూసింది. లేచి వచ్చి, తలుపు తీసి, నా కుర్చీని గోడ వైపు తిప్పింది. భుజం తట్టి, మళ్లీ మొదలు పెడతానని సైగ చేసి పోయింది.

నేను గోడ చూస్తూ కూర్చున్నాను. తెల్ల గోడ, ఒక మేకు. బటన్ మీద బొటనవేలు సిద్ధంగా పెట్టుకున్నాను. మిషన్‌లో ఏదో తేడా వచ్చి ఉంటుంది, బాగు చేస్తున్నారేమో అనుకున్నాను. జాబర్ బుద్ధి కదా, ఎంతసేపైనా మిషన్‌దే తప్పనుకుంటుంది. మేకును చూశాను. గుజరాత్‌లో కొత్తగా తీసుకోబోయే గదిలో చొక్కాలకు ఇటువంటి మేకులు కొట్టాలి అని కూడా అనుకున్నాను. చాలాసేపైంది. ఇంకా మొదలు కాలేదేమిటని విసుగొచ్చింది.

భుజం మీద చెయ్యి పడింది. తిరిగి చూస్తే ఆ అమ్మాయి.

"అయిపోయింది అంకుల్," అంది.

బయట నా కూతురు చేతిలో కాగితం పెట్టారు. అందులో రెండు గీతలు, ఒకటి కుడి చెవిది, ఒకటి ఎడమది. రెండూ మెట్ల మీద నుంచి జారినట్టు కిందికి పోయాయి. డాక్టరు నా ముఖం చూసి కాక నా కూతురి ముఖం చూసి మాట్లాడాడు. మగ్గాలా అని అడిగాడు. ఎన్నేళ్లు అని అడిగాడు. పోయినది తిరిగి రాదన్నాడు. అవన్నీ నేను పక్క నుంచి ఆయన పెదవుల మీద చదువుకున్నాను. నా ముందు దాచి ఏం లాభం!

వారం తర్వాత మేడం నుంచి ఉత్తరం వచ్చింది. బట్టల మిల్లులో చప్పుడెక్కువ, ఇప్పటికే చెవులు దెబ్బతిన్న మనిషిని అక్కడ పెట్టడానికి నియమాలు ఒప్పుకోవు, చాలా బాధగా ఉంది అని. మామూలుగా కొత్తవాళ్లకు చెవుల పరీక్ష ఉండదట. మీ ప్రొఫైల్‌లో ఆ మాటలు చదివాక, మీ మంచి కోసమే నేను ప్రత్యేకంగా చేయించమన్నాను అని కూడా రాసింది. మీ కథ మేమెవరమూ మరిచిపోము అని ముగించింది.

కోపం వచ్చింది. ఎవరి మీద రావాలో తెలియని కోపం. చెవులు తిన్నవి మగ్గాలు, ఇప్పుడు చెవులు లేవని వద్దన్నవీ మగ్గాలే. ఆ మేడంను తిడదామంటే, పాపం ఆమె తప్పుగా ఒక్క మాట రాయలేదు. కంచం తోసేసి లేచాను. నా భార్య ఎదురుగా వచ్చి, అలవాటు ప్రకారం నా భుజం మీద చెయ్యి వేయబోయింది. అప్పుడు వెలిగింది నా మట్టిబుర్రకు. ఆ చేతిని గాలిలోనే పట్టుకున్నాను.

"నీకు ఎప్పటిసంది ఎరుక?" అన్నాను.

ఆమె తల దించుకుంది. తర్వాత, నాకు కనపడాలని కాబోలు, మళ్లీ తలెత్తింది.

"ఇది తొట్టెల్ల ఉన్నప్పటిసంది," అంది, కూతురి వైపు చూపిస్తూ. "ఒకనాడు నీ ఎనక తొట్టెల్ల పడి పడి ఏడుస్తుంటే నువ్వు సక్కగ కూసోని బువ్వ తింటున్నవ్. నేను బోరింగ్ కాడికెల్లి ఉరికొచ్చిన. నిన్ను తిడదమనుకున్న. నీ మొకం చూస్తే సమజైంది."

"మరి చెప్పద్దా?"

"చెప్తే ఏమైతది? చెవి మీదనే గదా నీ పని అనుకున్న. సేఠ్‌కు ఎరుకైతే ఉంచుకుంటడా? నీకు ఎరుకైతే నువ్వు నిమ్మలంగ ఉంటవా?"

ఇరవై ఏళ్లకు పైగా. నేను టీవీ సౌండు పెంచితే, అడగవచ్చిన పక్కింటివాళ్లతో తానే తగువు పెట్టుకుంది. ఎవరైనా వెనక నుంచి నన్ను పిలిస్తే, తానే పలికి నన్ను తట్టింది. కూతురికి మాటలు నేర్పేటప్పుడే బాపుతో ముఖం చూపించి మాట్లాడాలని నేర్పింది. ఇల్లంతా కలిసి నా చెవిటితనాన్ని నాకు తెలియకుండా మోశారు. నేనేమో అరచేతితో మగ్గం వణుకు తెలుసుకుని, విన్నానని విర్రవీగుతూ తిరిగాను. చివరికి దాన్నే నా గొప్పతనమని లోకమంతా చదివేలా రాయించుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

దీపావళి పోయింది. ఆఖరి పన్నెండు మగ్గాలు ఒక మధ్యాహ్నం ఆపేశారు. గ్యాస్ కట్టర్లు పట్టుకుని పాత ఇనుమువాళ్లు బయట నిలబడి ఉన్నారు. ఎప్పుడూ ఆగని గాలా ఆగిపోయింది. చప్పుడు లేదని నాకు కాళ్ల కింద తెలిసింది, నేల వణకడం లేదు. అప్పుడు చుట్టూ చూశాను. పాతవాళ్లు ఎనిమిది మందిమి ఉన్నాం. అందరం ఇంకా పెదవులతోనే మాట్లాడుకుంటున్నాం. "సామాను తీసుకున్నవా?" "ఊరికి ఎప్పుడు పోతున్నవ్?" "పోయి ఏం చేస్తం?" ఆగిపోయిన మగ్గాల మధ్య ఒక్కరికీ గొంతు ఎత్తాలని తోచలేదు. ఇనుమువాళ్ల కుర్రాళ్లు మమ్మల్ని చూసి ఒకరినొకరు మోచేతులతో పొడుచుకుని నవ్వారు. నేను ఒక్కణ్ణే కాదని అప్పుడు తెలిసింది, అయితే అది నాకేం ఊరట కాలేదు.

సేఠ్ వచ్చి, గుజరాత్ ఎప్పుడు పోతున్నావని నన్నడిగాడు. పేడాలు తెప్పించిన మనిషి కదా, ఏమని చెప్పను? "వచ్చే నెలల," అన్నాను.

ఆ ఆదివారం సాయంత్రం నా కూతురు ఫోన్ పట్టుకుని నా ఎదురుగా కూర్చుంది. నెలలోపలే సన్నబడింది పిల్ల. ఆఫీసు నుంచి వచ్చి సరిగా తినడం లేదని వాళ్లమ్మ పోరు.

"బాపూ, ఆ ముక్క తీసేద్దామా?" అంది. పెదవులు స్పష్టంగా తిప్పింది. "ఇంకో మిల్లు వాళ్లు ఎవరన్నా చూస్తే..."

"చూపియ్యి ఒకసారి," అన్నాను.

చూపించింది. నాకు రాని ఇంగ్లీషులో, నాలుగు వరుసలు. కింద ఇంకా ఎవరెవరో చప్పట్ల బొమ్మలు పెడుతూనే ఉన్నారు. నలభై మగ్గాలూ, మా మామగారూ, నా పెళ్లీ అందులో ఉన్నాయి. మిగతా ప్రొఫైల్ అంతా ఎవరిదైనా కావచ్చు.

"తీసెయ్ బిడ్డా," అన్నాను.

ఆమె ఫోన్ మీదికి వంగింది. వేలు రెండు సార్లు కదిలింది. అయిపోయిందన్నమాట. అయినా తల ఎత్తలేదు. జుట్టు ముఖం మీద పడి ఉంది. భుజాలు కదిలాయి, ఏదో అంది. ఒక మాట కాదు, చాలా సేపే అంది. ఆమె నోరు నాకు కనపడలేదు.

నా భార్య వంటింటి గడపలో నిలబడి అదంతా విన్నది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమంటుందే?" అని అడిగాను.

ఆమె వచ్చి నా ఎదురుగా నిలబడింది. భుజం మీద చెయ్యి వేసింది. కొంగు తీసి, నాకు బాగా కనపడేటట్టు చెప్పింది.

"ఏం లేదు."